పార్కులో పడమటి సగం జోలికి వెళ్లకండి: మన కాలనీ సంక్షేమ సంఘానికి బహిరంగ లేఖ

కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులకు, తోటి కాలనీవాసులందరికీ నమస్కారం.

విషయం: పార్కు అభివృద్ధి పనుల నుంచి పడమటి వైపు బండలు, తుప్పలు, వాననీటి గుంట ఉన్న భాగాన్ని మినహాయించాలని వినతి.

పార్కు పనుల కొటేషన్‌ను పోయిన వారం మన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. చాలామంది బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. నేను పద్దు పద్దూ చదివాను. కంప్రెసర్ పెట్టి బండలు కొట్టించడం, జేసీబీతో తుప్పలు పెరికించడం, గుంటలో మొరం పోసి రోలర్ తిప్పించడం, ఆపైన పేవర్ బ్లాకులు, మెక్సికన్ గడ్డి, ప్రహరీ వెంట కోనోకార్పస్ చెట్ల వరస, నడుమ ఒక ఫౌంటెన్, మూలన హైమాస్ట్ లైటు. ఇదంతా వచ్చే ఆదివారం జనరల్ బాడీలో ఒకే తీర్మానంగా వస్తుందట. దాన్ని రెండుగా విడగొట్టండి అని అడగడానికే ఈ ఉత్తరం. ఆఫీసులో ఇస్తే ఫైల్లో పడి ఉంటుంది కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

తూర్పు సగం మీద నాకు పేచీ లేదు. అది ఎలాగూ చదునైన నేల. ఉయ్యాలలు, జారుడుబల్ల, పెద్దలకు నడకదారి, నాలుగు బెంచీలు, ఓపెన్ జిమ్, అన్నీ రావాలి. పిల్లలు రోడ్డు మీద కార్ల మధ్య క్రికెట్ ఆడుతుంటే చూస్తూ ఊరుకోలేం. నా ఓటు ఆ తీర్మానానికే. పడమటి సగంలో మాత్రం ఏ పనీ పెట్టొద్దు. కొటేషన్‌లో అన్నిటికంటే పెద్ద పద్దులు బండలు కొట్టడం, లెవలింగ్, మొరం తోలకమే కాబట్టి, నా మాట వింటే సంఘానికి డబ్బు కూడా మిగులుతుంది.

'అక్కడేముంది, ముళ్లకంపా రాళ్లూ తప్ప' అని గ్రూపులో ఒకరు రాశారు. ఏముందో చెబుతాను.

ముందు ఆ బండలు. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు అంటారు భూగర్భ శాస్త్రజ్ఞులు. నగరం పడమటికి పెరిగిన కొద్దీ బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి, ఒక్కోచోట ఒక్కో గుట్ట పిండి అయిపోయింది. వీటిని కాపాడటానికి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పుట్టింది. కొన్ని శిలలను ప్రభుత్వం వారసత్వ జాబితాలో చేర్చింది. మన బండలు ఏ జాబితాలోనూ లేవు, ఉండవు కూడా. వాటికి ఎలుగుబంటి ముక్కు పోలిక లేదు, పుట్టగొడుగు ఆకారం లేదు. మామూలు బండలు. అయితే రెండు పెద్ద రాళ్లు ఒకదాని మీదికి ఒకటి ఒరిగిన చోట మనిషి చెయ్యి పట్టేంత సందు ఉంది. పొద్దున్న ఎండ తగిలే వేళకు ఆ సందులోంచి రాతి తొండలు బయటికొచ్చి వీపు కాచుకుంటాయి. జత కట్టే కాలంలో మగ తొండకు తల, వీపు ఎర్రబడతాయి, పక్కలు నల్లబడతాయి. తల పైకీ కిందికీ ఊపుతూ పక్క బండ మీది తొండను బెదిరిస్తుంది. చూస్తూ నిలబడితే ఆఫీసు క్యాబ్ వెళ్లిపోతుంది, జాగ్రత్త.

బండ వాలు దిగగానే గులకరాళ్ల నేల. ఎండాకాలంలో తీతువు అక్కడే గుడ్లు పెడుతుంది. గూడు ఏమీ కట్టదు. కాలితో నేలను కొద్దిగా గోకి, మామూలుగా నాలుగు గుడ్లు పెట్టి, మట్టిరంగు మీద నల్లమచ్చలున్న ఆ గుడ్లను రాళ్లలో రాళ్లుగా వదిలేస్తుంది. పక్కనే నిలబడినా కనిపించవు. వినిపించేది తల్లి గోలే. మనుషులు దగ్గరికొస్తే నెత్తి మీద తిరుగుతూ కేకలు పెడుతుంది. తీతువు అరిస్తే కీడని నమ్మేవాళ్లు మన కాలనీలోనూ ఉన్నారు. పాపం, ఆ పిట్ట భయం మన వల్లే.

ఇక గుంట. సంవత్సరంలో సగం రోజులు అది ఎండిపోయిన పల్లమే. జూన్, జూలైలో నాలుగు గట్టి వానలు పడగానే నిండుతుంది. ఒక్క రాత్రిలో బోదురు కప్పలు ఎక్కడినుంచి వస్తాయో తెలియదు కానీ, పసుపు పచ్చగా మారిన మగకప్పల బెకబెకలకు ఆ పక్క ఇళ్లవాళ్లకు నిద్ర ఉండదు. అది వాళ్ల న్యాయమైన ఫిర్యాదే. కానీ ఆ గోల కొన్ని రాత్రులే. గుంట మీదికి వంగిన ఈతచెట్టు కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి లోపలికీ బయటికీ తిరిగి చూస్తుంది. నచ్చితేనే మగది పిల్లలగది కింద పొడుగాటి గొట్టం కూడా అల్లి పని పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతూ ఉండిపోతుంది. మన వీధిలో సగంలో ఆగిన డూప్లెక్సులను చూసినప్పుడల్లా నాకు అవే గుర్తొస్తాయి.

వీటిలో అరుదైన జంతువు ఒక్కటీ లేదని ఒప్పుకుంటాను. పులి లేదు, జింక లేదు. ముంగిస ఉంది, జెముడుకాకి ఉంది, పికిలిపిట్టలు, తేనెపిట్టలు, లకుముకి, చిన్న గుడ్లగూబల జంట ఒకటి. ఉడుము కూడా ఉంది. ఈ ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోది, అంటే చట్టం దృష్టిలో పులితో సమానం. జేసీబీ డ్రైవరుకు ఆ సంగతి ఎవరు చెబుతారు?

నా అసలు మాట ఇక్కడ ఉంది. పెద్ద అడవికి అడిగేవాళ్లు ఉంటారు. కేబీఆర్ పార్కుకు 1998 నుంచి జాతీయ ఉద్యానవనం హోదా ఉంది. వనస్థలిపురం పక్కన కృష్ణజింకలకు హరిణ వనస్థలి ఉంది. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఇంత చేసినా దాని చుట్టూ ఆక్రమణలు ఆగలేదు, 2024లో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి కూల్చాల్సి వచ్చింది, అది వేరే సంగతి. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు నరుకుతున్నప్పుడు విద్యార్థులు రోడ్డెక్కారు, నెమళ్ల అరుపుల వీడియోలు దేశమంతా తిరిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కల్పించుకుని పనులు ఆపించింది. మన గ్రూపులో కూడా ఆ రోజుల్లో ఎంతమంది ఆ వీడియోలు పంపుకున్నారో గుర్తుందా? కొందరు స్టేటస్ కూడా పెట్టారు.

మన పార్కు కోసం ఏ కోర్టూ తనంతట తాను కల్పించుకోదు. ఏ చానలూ రాదు. గెజిట్‌లో దీని పేరుండదు. రెవెన్యూ రికార్డులో కుంటగా నమోదై ఉంటే కనీసం దాని హద్దు నుంచి తొమ్మిది మీటర్ల దాకా కట్టడాలు రాకూడదన్న నిబంధన అయినా అడ్డుపడేది. మనది నమోదు కాని పల్లం, ఆ రక్షణ కూడా లేదు. ఇలాంటి జాగాలు నగరం అంచున ఎన్నో ఉన్నాయి. లేఔట్‌లో పార్కుకని వదిలిన మూల, నాలా పక్క గట్టు, శ్మశానం వెనక తుప్పలు, గుడి వెనక గుట్ట. వాటి మీద నిర్ణయం తీసుకునేది ఆదివారం పొద్దున ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునే ముప్పై, నలభై మంది. అంటే మనం. అధ్యక్షుల వారూ, ఈ జాగాకు అటవీశాఖా మీరే, హైకోర్టూ మీరే. అందుకే మీకు రాస్తున్నాను.

అలాగని చట్టంతో మనకు సంబంధమే లేదనుకోవద్దు. పార్కు స్థలం సంఘం ఆస్తి కాదు. లేఔట్ ఆమోదం సమయంలో గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకు అప్పగించిన జాగా అది, మనం చూసుకునేవాళ్లం మాత్రమే. పార్కు కోసం వదిలిన స్థలం ప్రజలందరి ఊపిరి కోసమని, దాన్ని ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చినా చెల్లదని 1991లోనే బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడున్న రెండు వేపచెట్లు, ఈతచెట్లు కొట్టాలంటే నీరు, నేల, చెట్ల పరిరక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. కొటేషన్‌లో ఆ ఊసే లేదు. కాంట్రాక్టరు 'అవన్నీ మేం చూసుకుంటాం' అన్నాడని విన్నాను. ఆ చూసుకోవడం ఎలా ఉంటుందో మనందరికీ తెలిసిందే.

భయాల సంగతికి వస్తాను. ఎక్కువమంది చెప్పింది దోమలు. మన వీధిలో డెంగీ వచ్చిన ఇళ్లున్నాయి, ప్లేట్‌లెట్ల కోసం పరుగులు తీసినవాళ్లున్నారు, కాబట్టి ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ డెంగీ మోసే ఏడిస్ దోమకు ఈ గుంట అక్కర్లేదు. దానికి కావాల్సింది ఇంటి చుట్టూ చిన్న పాత్రల్లో నిలిచే తేట నీళ్లు: కూలరు అడుగున మిగిలిన నీళ్లు, పూలకుండీ కింద పళ్లెం, మూతలేని డ్రమ్ము, మేడ మీద పడేసిన టైరు, కడుతున్న ఇంటి దగ్గర ఇటుకలు తడపడానికి కట్టిన తొట్టి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నగరాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ రకం మన ఓవర్‌హెడ్ ట్యాంకుల్లోనే హాయిగా పెరుగుతుంది. రాత్రి చెవి దగ్గర గుయ్యిమనే క్యూలెక్స్‌కు మురుగు ఇష్టం. రెండో వీధి చివర నెలల తరబడి పొంగే మ్యాన్‌హోల్ దానికి పుట్టిల్లు. దాని మీద మనం ఇచ్చిన ఫిర్యాదులకు లెక్కలేదు.

వాననీటి గుంటలో దోమపిల్లలు ఉండవని అనను. ఉంటాయి, వాటిని తినేవీ ఉంటాయి. తూనీగ పిల్లను దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. నీళ్లలో ఉన్నంత కాలం దానికి రెక్కలుండవు, బురదరంగు పురుగులా అడుగున పడి ఉంటుంది. కింది పెదవి మడత విప్పి చేయిలా ముందుకు విసిరి, దగ్గరికొచ్చిన దోమపిల్లను లాక్కుంటుంది. ఎదిగాక ఒక తుంగపరక పట్టుకుని నీళ్ల మీదికి పాకి, వీపు చిట్లించుకుని తూనీగగా బయటికొస్తుంది. ఖాళీ డొల్ల ఆ పరకకే కరుచుకుని ఉంటుంది. సెప్టెంబరులో గుంట అంచున వెతకండి, తప్పక దొరుకుతాయి. బయటికొచ్చాక కూడా దాని తిండి దోమలే, ఈసారి గాలిలో. గుంట పూడ్చేస్తే దోమ మన కుండీ పళ్లెంలోకి వెళుతుంది, తూనీగకు మాత్రం వెళ్లడానికి చోటుండదు. ఒక్క షరతు. గుంటలోకి మురుగు చేరకూడదు. పై వీధి నుంచి ఒక పైపు లోంచి సబ్బునీళ్లు అటే వస్తున్నాయి. ఎవరిదో నేను చెప్పను, ఆ పైపు డ్రైనేజీకి కలిపించే పని సంఘం చేస్తే కోనోకార్పస్ నాటడం కంటే వెయ్యిరెట్లు మేలు.

పాముల భయం ఇంకా పెద్దది. జెర్రిపోతులు ఉన్నాయి, నీరుకట్టెలు ఉన్నాయి, నాగుపాము లేదని నేను హామీ ఇవ్వలేను. కానీ పాము ఇంటి దగ్గరికి వచ్చేది ఎలుక కోసం. ఎలుక వచ్చేది మనం ఖాళీ ప్లాటులోకి విసిరే చెత్త సంచి కోసం. తుప్పలు కొట్టేస్తే ఎలుకలు పోవు, వాటిని తినే ముంగిస, గుడ్లగూబ, జెర్రిపోతు పోతాయి. ఇంకో సంగతి, యంత్రం దిగిన రోజున ఆ బండల కిందున్న ప్రతి ప్రాణీ ఒకేసారి బయటపడుతుంది. అప్పుడు వాటికి అందే దూరంలో ఉండేవి మన షూ ర్యాకులు, మోటారు గుంతలు, స్టిల్టు పార్కింగులో పేర్చిన పాత సామాన్లు. ఎక్కడైనా గుట్ట చదును చేసిన కొత్తలోనే చుట్టుపక్కల ఇళ్లలో పాముల కబుర్లు ఎక్కువ వినిపించడానికి కారణం ఇదే. పార్కు చుట్టూ రెండు గజాల వెడల్పున గడ్డి పొట్టిగా కత్తిరించి ఉంచుదాం. రాత్రి టార్చి లేకుండా ఆ వైపు నడవొద్దని బోర్డు పెడదాం. పాము ఇంట్లోకి వస్తే పట్టుకెళ్లడానికి నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు, వాళ్ల నంబరు వాచ్‌మన్ గదిలో గోడ మీద రాయిద్దాం.

సాయంత్రం తాగుబోతులు చేరతారన్నది మూడో అభ్యంతరం. చేరేది నిజమే. వాళ్లు కూర్చునేది తుప్పల్లో కాదు, ప్రహరీ కూలిన చోట దిమ్మె మీద. ఆ గోడ కట్టిస్తే సరి.

ఇప్పుడు నీళ్ల సంగతి, దీనికైనా అందరూ చెవి ఒగ్గుతారని నా ఆశ. మన కాలనీ రాతి నేల మీద ఉంది. కిందున్న గ్రానైట్‌లో నీరు నిలిచేది పగుళ్లలోనూ, దాని మీది శిథిలమైన పొరలోనూ మాత్రమే. ఆ పగుళ్లలోకి వాన దిగడానికి నేల తెరిచి ఉండాలి. ఇళ్లు కట్టి, వాకిళ్లు టైల్స్ వేసి, రోడ్లు సీసీ చేసి, సందులు కూడా సిమెంటు చేశాక, ఇంకా నీళ్లు తాగగలిగే నేల ఎక్కడుంది? పై రెండు వీధుల వాన నడిచి వచ్చి ఆ గుంటలోనే ఆగుతోంది. ఇంకుడు గుంత తవ్వించడానికి ఇల్లిల్లూ డబ్బు కట్టాలని మనమే సర్క్యులర్ ఇచ్చాం. దేవుడు తవ్విపెట్టిన ఇంకుడు గుంతను డబ్బిచ్చి పూడ్చుకుంటామా? ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు తగ్గి ట్యాంకర్ల కోసం క్యూ కట్టేది మనమే కదా.

పూడ్చాక ఆ వాన ఎటు పోతుందో కూడా ఆలోచించండి. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన ఎవరూ మరిచిపోయి ఉండరు. ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వాటిలో చాలావరకు చెరువు దిగువనో, నాలా ఒడ్డునో, ఒకప్పటి కుంటలోనో లేచినవే. వాలు మారదు. గుంట లేకపోతే ఆ నీళ్లు పేవర్ బ్లాకుల మీదుగా జారి నేరుగా కింది వీధి సెల్లార్లలోకి దిగుతాయి. కింది వీధివాళ్లు ఆదివారం మీటింగుకు తప్పకుండా రావాలి.

బతుకమ్మ మాట కూడా ఎత్తకుండా ఉండలేను. ప్రతి ఏడూ మన కాలనీ ఆడవాళ్లం పార్కు తూర్పు వైపు బతుకమ్మ ఆడతాం. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి వస్తాయి. గునుగు కట్ట, తంగేడు కట్ట ధర ఏటికేడు పెరుగుతోందని గొణుక్కుంటూ కొంటాం. అదే పార్కు పడమటి మూలన, వానాకాలమంతా గునుగు మొలిచి తెల్లగా కంకులు వేస్తుంది. తంగేడు బండ చుట్టూ పసుపుపచ్చగా పూస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం అని బడిలో పిల్లలకు నేర్పుతున్నది ఆ తంగేడునే. అయినా పండక్కి అక్కడ పువ్వు దొరకదు. ఎందుకంటే ఆగస్టు 15 జెండా పండగకు 'క్లీనింగ్' పేరుతో గడ్డికోత మెషీన్ తిప్పించేది మన సంఘమే. గునుగు ఒక్క ఏడాది మొక్క. గింజ పడకముందే కోస్తే మరుసటి ఏడు రాదు. రెండేళ్లు కోత ఆపితే ఆ మూల మన బతుకమ్మలకు సరిపడా పూస్తుందని నా నమ్మకం. కొన్ని మనం కోసుకుని, మిగిలినవి గింజకు వదిలేయాలి.

ఆ తంగేడు ఆకుల మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. మనం పీకిపారేయాలనుకునే జిల్లేడు లేకపోతే నారింజరంగు సీతాకోకచిలుక ఒకటి ఆ జాగా వదిలి వెళ్లిపోతుంది, దాని పిల్ల తినేది జిల్లేడు జాతి ఆకులే. పూలు ఎన్ని నాటినా పురుగు తినే ఆకు లేకపోతే సీతాకోకచిలుక లేదు. మీ కరివేపాకు మొక్క మీద పచ్చపురుగు కనిపించి నలిపేసేముందు ఒక్కసారి ఆలోచించండి, అది కూడా ఒక నల్ల సీతాకోకచిలుకే. కొటేషన్‌లో ఉన్న మెక్సికన్ గడ్డి మీద, కోనోకార్పస్ మీద మన పురుగుకు తిండి దొరకడం కష్టం. పైగా కోనోకార్పస్ వేళ్లు పైపులను పట్టి పీడిస్తాయని, పుప్పొడితో ఇబ్బందులని ఫిర్యాదులు వచ్చి గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది. అక్కడ వద్దన్న మొక్కను మనం డబ్బుపెట్టి తెచ్చుకోవడం ఏమిటో!

'చుట్టూ ఇన్ని ఖాళీ ప్లాట్లున్నాయి, పిట్టలు అక్కడ బతకవా' అని కార్యదర్శి గారు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. ఈరోజు బతుకుతాయి. మన కాలనీలో ఇంకా మూడోవంతు ప్లాట్లు ఖాళీ కాబట్టే పార్కు మూల విలువ ఎవరికీ కనిపించడం లేదు. ఆ ప్లాట్లన్నిటికీ యజమానులున్నారు, నేడో రేపో అన్నిట్లో ఐదంతస్తులు లేస్తాయి, లేవాలి కూడా, వాళ్లు కష్టపడి కొనుక్కున్న జాగాలు అవి. అప్పుడు మిగిలేది ఇదొక్కటే. అప్పుడు కావాలనుకున్నా కొట్టిన బండ తిరిగి లేవదు, రోలర్ తొక్కిన నేలలో కప్ప దాక్కోలేదు. చిన్న జాగా కదా, ఎంత ప్రయోజనం అంటారేమో. పిట్టకు ఇది ఇల్లే కానక్కర్లేదు. చెరువు నుంచి యూనివర్సిటీ క్యాంపస్ దాకా ఎగిరేదానికి మధ్యలో దిగి నీళ్లు తాగి, నాలుగు పురుగులు ఏరుకునే మజిలీ అయినా చాలు. దసరా రోజు పాలపిట్టను చూడాలని ఊళ్లకు వెళ్తాం. దానికి కావాల్సిందల్లా కూర్చోవడానికి ఒక ఎత్తైన కొమ్మ, కింద మిడతలున్న తెరిపి నేల.

అయితే 'వదిలేయండి' అన్నానని గాలికి వదిలేయమని కాదు నా ఉద్దేశం. ఇప్పుడు ఉన్నదంతా మంచిదే అని నేను అనడం లేదు. వయ్యారిభామ ప్రహరీ పొడుగునా పట్టేసింది, లాంటానా గులకరాళ్ల నేల మీదికి పాకుతోంది, సుబాబుల్ పిల్లలు లేస్తున్నాయి. ఈ మూడింటినీ వేళ్లతో సహా చేత్తో పీకించాలి, వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగులతో. కలుపుమందు కొట్టొద్దు, అది గుంటలోకే దిగుతుంది. గడ్డి కోత ఏడాదికి ఒక్కసారి, సంక్రాంతి దాటాక, గింజలు రాలిన తర్వాత పెట్టుకుంటే ఎండాకాలం నిప్పు భయమూ ఉండదు. కోసిన చెత్తకు అక్కడే అగ్గిపుల్ల గీయొద్దు. తీతువు గుడ్లు పెట్టే వేసవి నెలల్లో ఆ గులకరాళ్ల జాగా చుట్టూ తాడు కడితే చాలు. లైటు తప్పదంటే హైమాస్ట్ బదులు తూర్పు వైపు పొట్టి స్తంభాలకు నేలకు వంచిన పసుపు దీపాలు పెట్టి, రాత్రి పదింటికి ఆర్పేయండి. తెల్లారేదాకా పట్టపగల్లా ఉంటే చీకట్లో వేటాడే గుడ్లగూబ అక్కడ ఎందుకుంటుంది? కొత్తగా కట్టే గోడకు అడుగున పదేసి అడుగులకు ఒక జానెడు కన్నం వదిలితే కప్పలు, ముంగిసలు దారి చూసుకుంటాయి. అవి రోడ్డు మీద టైర్ల కింద పడటం తగ్గుతుంది.

ఇంకోటి చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. వీధికుక్కలకు అన్నం పెట్టే చోటును పార్కు గేటు నుంచి మార్చండి. పెట్టొద్దని అనడం లేదు, చోటు మార్చమంటున్నాను. ఆ గుంపు వల్ల నేల మీద గుడ్లు పెట్టే పిట్ట బతకదు. పెంపుడు పిల్లులను రాత్రిళ్లు ఇంట్లో ఉంచుకుంటే మరీ మంచిది.

'కాలనీ లుక్' పోతుందన్న బాధ కూడా నాకు అర్థమైంది. అప్పు చేసి ఇల్లు కొన్నవాళ్లకు బంధువులొస్తే చూపించుకోవడానికి చక్కని పార్కు కావాలనిపిస్తుంది. తూర్పు సగం అందుకే. కానీ మన లేఔట్ బ్రోషరు దాచుకున్నవాళ్లు ఒకసారి తీసి చూడండి. మొదటి పేజీలో 'ప్రకృతి ఒడిలో మీ సొంతిల్లు' అని ఉంటుంది. కింద ఫొటోలో ఉన్నది ఇవే బండలు.

ఆదివారం నేను పెట్టాలనుకుంటున్న సవరణ ఇది. మొదటి తీర్మానం, తూర్పు సగంలో ఆట, నడక, వ్యాయామ సౌకర్యాలు, కూలిన ప్రహరీ మరమ్మతు. రెండో తీర్మానం, పడమటి సగంలో బండలు కొట్టడం, పూడ్చడం, లెవలింగ్ చేయకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచి, కలుపు తీత, ఏడాదికి ఒక కోత, సబ్బునీళ్ల పైపు మళ్లింపు మాత్రం మెయింటెనెన్స్ నిధి నుంచి చేయించడం. ఈ రెండో తీర్మానం నెగ్గితే దాని ప్రతిని మున్సిపల్ కార్యాలయంలో ఇచ్చి, జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థ తయారు చేయాల్సిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో ఈ జాగాను కూడా రాయమని అడుగుదాం. రేపు కార్యవర్గం మారినా కాగితం మిగలాలి. మొత్తం పార్కును ఒకే తీర్మానంగా ఓటుకు పెడితే నేను వ్యతిరేకంగా చెయ్యెత్తుతాను, నా అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించుకుంటాను.

ఓటు వేసే ముందు ఒకసారి చూడాలనుకునేవాళ్ల కోసం శనివారం పొద్దున్నే ఆరున్నరకు పడమటి గేటు దగ్గర ఉంటాను. పల్లేరు ముళ్లుంటాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకురండి. పిల్లల్ని తీసుకురండి, కుక్కల్ని వద్దు. కాంట్రాక్టరు గారిని కూడా రమ్మని కార్యదర్శి గారు చెప్పగలిగితే సంతోషం. సవరణకు మద్దతు ఇచ్చేవాళ్ల సంతకాల కాగితం వాచ్‌మన్ గదిలో పెట్టాను, ప్లాటు నంబరు రాయడం మరవొద్దు. అద్దెకున్నవాళ్లకు జనరల్ బాడీలో ఓటు లేదు, కానీ ఆ కాగితం మీద సంతకం చేయొచ్చు, వాళ్ల కోసం కింద వేరే గడి గీశాను.

ఇట్లు,
మూడో వీధి, పార్కు ఎదురింటి నివాసి